ఈదురుగాలి రాకముందే చెట్టు మొదలు చూడండి

హైదరాబాద్‌లో చెట్లకు గండం జూలై ముసురు కాదు. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాసిన ఎండకు సాయంత్రం మబ్బు కమ్మి, అరగంట విరుచుకుపడి పోయే ఈదురుగాలి. అప్పటికి చెట్టును పరీక్షించి కొమ్మలు కోసే పని పూర్తవ్వాలంటే ఫిబ్రవరి, మార్చిలోనే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే కొమ్మల్లో కాకిగూళ్లు, వాటిలో పిల్లలు ఉంటాయి. అప్పుడు రంపం పెట్టడానికి చేతులు రావు, పెట్టకూడదు కూడా.

అందరూ తల పైకెత్తి కొమ్మలు చూస్తారు. ముందు చూడాల్సింది మొదలు. మన నగరంలో చాలాచోట్ల పైన కాస్త మట్టి, దాని కింద మొరం, ఆ కింద నల్లరాయి. వేళ్లు లోతుకు దిగలేక పక్కకు పాకుతాయి. నీళ్లు పీల్చే వేళ్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. కేబుల్‌కో డ్రైనేజీకో మొదలు పక్కన కందకం తవ్వితే ఆ వైపు చెట్టుకు పట్టు పోయినట్టే. ఆకు మాత్రం ఏళ్ల తరబడి పచ్చగానే ఉండొచ్చు. అందుకే గత నాలుగైదేళ్లలో ఏ వైపు తవ్వారో వీధిలో అడిగి తెలుసుకోండి.

చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరగండి. ఒక పక్కకు వంగిన చెట్టుకు వెనక వైపు నేల నెలవంకలా పగిలినా, కొత్తగా ఉబ్బినా అది వేళ్లు లేస్తున్న గుర్తు. అలాంటి చెట్టు కింద ఆ రోజు నుంచే బండి పెట్టొద్దు. వంకరగా పుట్టి, పైకొచ్చాక కొస నిటారుగా తిరిగిన చెట్టు వేరు, దానికి భయం లేదు. మొదట్లో చెక్కబల్లలా గట్టిగా పొడుచుకొచ్చిన పుట్టగొడుగు ఉంటే లోపల కుళ్లు ముదిరిందని అర్థం. చెక్క సుత్తితో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తుంది. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు కొట్టేయక్కర్లేదు. మాను వ్యాసార్ధంలో దాదాపు మూడో వంతు మందాన చుట్టూ గట్టి చెక్క మిగిలితే చెట్టు నిలబడగలదని ఓ ఉజ్జాయింపు లెక్క. తొర్రకు ఒక పక్క నోరు తెరుచుకుని ఉంటే ఈ లెక్కను నమ్మొద్దు.

తర్వాత పంగలు, అంటే మానులు, కొమ్మలు చీలే చోట్లు. గిన్నెలా వెడల్పుగా ఉన్న పంగ గట్టిది. రెండు మానులు ఇరుక్కుని, మధ్యలో బెరడు లోపలికి ముడుచుకుపోయిన పంగ గాలికి చీలుతుంది. తురాయి, పసుపుపూల పెల్టోఫారమ్‌లలో ఇలాంటివి తరచుగా కనిపిస్తాయి, పైగా వాటి చెక్క పెళుసు. చింతకు ఆ బాధ తక్కువ. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో ఎందరో ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టే.

ఇక కోత. గాలికి భయపడి చెట్టుకు గుండు కొట్టించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మోడు మీద గుబురుగా లేచే చిగుళ్లు పైపొరకు మాత్రమే అతుక్కుని ఉంటాయి. రెండు మూడేళ్లలో బరువెక్కి అవే ముందు విరుగుతాయి. లోపలి రెమ్మలన్నీ దువ్వేసి కొసన జుట్టు వదిలేయడమూ అంతే, బరువంతా చివరికి పోతుంది. ఎండినవి, చీలినవి, ఒకదానికొకటి రాసుకునేవి ముందు తీయండి. పొడవైన కొమ్మను తగ్గించాలంటే, దాని లావులో కనీసం మూడో వంతు ఉన్న పక్కకొమ్మ దగ్గర ఆపండి. ఒక్కసారికి పావు వంతు ఆకుకు మించి తీయొద్దు.

లావు కొమ్మకు మూడు కోతలు. మానుకు అడుగు దూరంలో కింది నుంచి పావు మందం దాకా మొదటిది. రెండు అంగుళాలు అవతల పైనుంచి రెండోది, దాంతో కొమ్మ పడిపోతుంది. మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే పట్టీకి బయటగా తీయడం మూడోది. మొదటి కోత ఎగ్గొడితే పడే కొమ్మ మాను బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. పట్టీ తెగితే గాయం మూసుకోదు. కోతకు తారు, పెయింటు పూయొద్దు. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల మానులను నిలువునా కోసి చూసి తేల్చింది ఇదే: చెట్టు గాయాన్ని మాన్పుకోదు, చుట్టూ గోడ కట్టి కుళ్లును ఆపుతుంది. పూత కుళ్లును ఆపదు.

మొదలు చుట్టూ సిమెంటు ఉంటే కనీసం మీటరు మేర తీయించండి. గడ్డపారతో మెల్లగా తీయాలి, బ్రేకర్ మిషన్ వేళ్లను నలగ్గొడుతుంది. ఖాళీలో రెండు మూడు అంగుళాలు ఎండాకులు పరవండి, మానుకు ఆనకుండా. ఎర్రమట్టి తెచ్చి మొదట్లో గుట్ట పోస్తే బెరడు కుళ్లుతుంది.

కరెంటు తీగకు మూడు మీటర్లలోపు కొమ్మను మీరు ముట్టొద్దు. కరెంటు ఫిర్యాదుల ఫోన్ నంబరు 1912కు చెప్పి, సరఫరా ఆపించాకే పని. ఇనుప నిచ్చెన వద్దు. ఎక్కేవాడికి హెల్మెట్, నడుముకు బెల్టు ఉండాలి, తాడు కోసే కొమ్మకు కాకుండా పైనున్న పచ్చి పంగకు కట్టాలి. చైన్ సా భుజం ఎత్తు దాటనివ్వకండి, ఒంటిచేత్తో పట్టనివ్వకండి. ఎక్కేముందు తేనెతుట్టె ఉందేమో చూడండి. కొమ్మ పొడవుకు రెట్టింపు దూరం దాకా కింద ఎవరూ ఉండకూడదు, వీధికి ఇద్దరు కాపలా ఉండాలి. మొత్తం చెట్టు కొట్టాల్సి వస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, అనుమతి లేకుండా గొడ్డలి ఎత్తొద్దు.

గాలికి చెట్టు కూలితే, మాను కోసేటప్పుడు వేళ్లు లేచిన గుంతలోకి పిల్లల్ని దిగనివ్వకండి. మాను బరువు తగ్గగానే వేళ్ల ముద్ద ఒక్క ఉదుటున వెనక్కి వచ్చి ఆ గుంతను మూసేస్తుంది.