పైన్ మొలకలు ఒరిగిపోకుండా కాపాడుకున్న తీరు

బోన్సాయ్ కోసం ఇంట్లో నాటిన జపాన్ నల్ల పైన్ విత్తనాలు, గింజ పొట్టును టోపీలా తలపై మోస్తూ చక్కగానే మొలకెత్తాయి గానీ, వారం తిరగకముందే మట్టిని ఆనుకొన్న చోట కాండం నల్లబడి, దారంలా సన్నబడి, మొలకలు ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. నీరు చాలలేదనుకొని ఇంకా పోశాను. పొరపాటంతా అక్కడే జరిగింది. అది పిథియం, రైజోక్టోనియా వంటి మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల వచ్చే నారుకుళ్లు తెగులు. ఆరని తడి, కదలని గాలి దానికి అనుకూలం.

రెండోసారి తోటమట్టిని మానేసి, జల్లించిన ముతక ఇసుకలో ప్యూమిస్ (రంధ్రాలుండే తేలికపాటి అగ్నిపర్వత రాయి) కలిపాను. కుండీపై మూత తీసేసి, ఆకులు కాస్త కదిలేంత నెమ్మదిగా చిన్న ఫ్యాన్ తిప్పాను. పైపొర ఆరాకనే, కుండీని నీటి పళ్లెంలో ఉంచి అడుగు నుంచి తడిపాను. ఎల్‌ఈడీ దీపాన్ని రోజుకు 14 గంటలు వెలిగించాను. ఈసారి ఒరిగినవి రెండే. అయితే పైన్‌కు చలికాలపు విశ్రాంతి అవసరం, వెచ్చని ఇంట్లో అది దొరకదు కనుక, కాండం గట్టిపడిన వాటిని క్రమంగా ఆరుబయటి ఎండకు అలవాటు చేస్తున్నాను.