సీజీఎల్ ఇంగ్లిష్: నేర్చుకున్న గ్రామర్ పరీక్షల ఎందుకు అక్కరకు వస్తలేదు?

నల్లగొండ, పాలమూరు స్టడీ హాళ్లలో ఎస్సెస్సీ సీజీఎల్‌కు (డిగ్రీ చదివినోళ్లకు కేంద్ర కొలువుల కోసం స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష) చదివేటోళ్లను రూల్స్ అడగండి, టకటకా అప్పజెప్తరు. మాక్ టెస్ట్ పెడితే ఆ రూల్స్ దగ్గర్నే మార్కులు పోతయి. ఇంకో గ్రామర్ పుస్తకం కొనే ముందు, ఎక్కడ పోతున్నయో చూసుకోండి.

సమస్య: స్పాటింగ్ ఎర్రర్స్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్ల, వాక్యం చదివితే బాగనే ఉంటది. ‘నో ఎర్రర్’ పెడితే తప్పయితది.

కారణం: క్రియ పక్కనున్న మాటనే కర్త అనుకుంటున్నరు. ‘ద లిస్ట్ ఆఫ్ క్యాండిడేట్స్ ఫ్రమ్ మిర్యాలగూడ అండ్ దేవరకొండ వర్ డిస్‌ప్లేడ్ యెస్టర్‌డే.’ క్యాండిడేట్స్ అన్నరు, ఆ వెంటనే రెండు ఊర్లు. ‘వర్’ దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ అనుమానం రాదు. పేపర్ తయారుచేసేటోళ్లు కావాలనే అట్ల నింపుతరు.

పరిష్కారం: ‘ఆఫ్’ నుంచి క్రియ ముందటి దాకా ఉన్నదంతా మనసులో కొట్టేయండి. మిగిలేది ‘ద లిస్ట్ వర్’. లిస్ట్ ఒక్కటే కాబట్టి ‘వాజ్’ రావాలె. ‘ఎలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’ కనబడ్డా ఇదే పని: ‘ద కలెక్టర్, ఎలాంగ్ విత్ ద తహసీల్దార్స్, హ్యాజ్ కమ్.’ ఎందరు తహసీల్దార్లు వెంట వచ్చినా లెక్క కలెక్టర్‌దే. ‘నైదర్-నార్’ మాత్రం ఉల్టా. అక్కడ క్రియకు దగ్గరున్న కర్తను చూడాలె: ‘నైదర్ ద కలెక్టర్ నార్ ద తహసీల్దార్స్ హ్యావ్ కమ్.’ స్పాటింగ్ ఎర్రర్స్‌లో ముందు పట్టుకోవాల్సింది దీన్నే.

సమస్య: ‘ఎ’ పెట్టాల్నా, ‘యాన్’ పెట్టాల్నా?

కారణం, స్పెల్లింగ్ చూసుడు. నోటితోని పలికి చూడండి: మొదటి శబ్దం అచ్చయితే ‘యాన్’, లేకుంటే ‘ఎ’. ‘ఎ యూనివర్సిటీ’, ‘యాన్ అవర్’, ‘యాన్ ఎమ్మెల్యే’. మన దగ్గరిదే చెప్పాలంటే ‘ఎ మహాత్మాగాంధీ యూనివర్సిటీ స్టూడెంట్’. పేరు పొట్టిగ చేస్తే ‘యాన్ ఎంజీ యూనివర్సిటీ స్టూడెంట్’.

సమస్య: సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్ (వాక్యంలోని ఒక ముక్కకు సరైన ఆప్షన్ ఎంచుకునే ప్రశ్న) టైమంతా తింటది.

కారణం: ఒక్కో ఆప్షన్‌ను వాక్యంలో పెట్టి, మొత్తం మళ్లా మళ్లా చదువుతున్నరు. 60 నిమిషాల్లో 100 ప్రశ్నలున్న టైర్-1 (మొదటి దశ) పరీక్షల అంత తీరిక ఎక్కడిది?

పరిష్కారం: ముందు ఆప్షన్ల మధ్య తేడా చూడండి. ‘హ్యాజ్ గాన్’, ‘వెంట్’, ‘హ్యాడ్ గాన్’ అని ఉంటే అడిగింది టెన్స్. ఇగ వాక్యంలో కాలం చెప్పే మాట వెతకాలె. ‘లాస్ట్ వీక్’ దొరికిందా, ‘హ్యాజ్ గాన్’ పోయినట్టే. పొడుగ్గ, గంభీరంగ ఉన్న ఆప్షనే కరెక్టని మోజు పడేటోళ్లు ఎక్కువ, అది వద్దు.

సమస్య: నెగెటివ్ మార్కుల భయానికి సగం ప్రశ్నలు వదిలేస్తున్నరు.

టైర్-1 ఇంగ్లిష్‌లో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. నాలుగు ఆప్షన్లల్ల రెండు కొట్టేయగలిగిన ప్రశ్నలు నాలుగు పెట్టిన్రనుకోండి. సగటున రెండు ఒప్పయితే 4 మార్కులు, రెండు తప్పయితే 1 పోతది, చేతికి 3. అసలేమీ తెల్వకుండ నాలుగు పెడితే సగటున ఒక్కటే ఒప్పయితది, మూడు తప్పయితయి, మిగిలేది అర మార్కే. అట్లాంటి దాని మీద నిమిషం కూడా ఆగకుండ తర్వాతి ప్రశ్నకు పోండి.