టైమ్‌లైన్‌లో వీడియో స్ట్రక్ అవుతోందా? పార్టులు కొనేముందు ఇవి చూడండి

పెళ్ళి వీడియో ఎడిట్ చేస్తూ స్పేస్‌బార్ నొక్కగానే సౌండు సాఫీగా పోతుంది, బొమ్మ మాత్రం తలంబ్రాల దగ్గర ఆగి ఆగి కదులుతుంది. భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ మిక్సింగ్ యూనిట్‌లో అడిగినా ముందు వినిపించే సలహా "ర్యామ్ వేయించు", తర్వాతది "గ్రాఫిక్స్ కార్డు మార్చు". డబ్బు తీసేముందు పది నిమిషాలు పెట్టి జబ్బు ఎక్కడుందో పట్టుకోండి. చాలాసార్లు కొత్త పార్టుతో పనే ఉండదు.

మొదటి పరీక్ష: జర్క్ వస్తున్న చోట 20 సెకన్లు ఎక్స్‌పోర్ట్ చేసి వీఎల్‌సీలో చూడండి. అదే చోట అలాగే జర్క్ ఉంటే తప్పు ఫుటేజీది, కంప్యూటర్‌ది కాదు. ఎన్ని వేలు పోసినా అది పోదు.

ఇది ఎక్కువగా డ్రోన్ షాట్లలో కనిపిస్తుంది. కెమెరాలు సెకనుకు 25 ఫ్రేముల్లో (బొమ్మల్లో) తీస్తాయి, డ్రోన్ 30లో ఉండిపోతుంది. 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద పడగానే సెకనుకు ఐదు ఫ్రేములు ఎగిరిపోతాయి. దిండి దగ్గర కొబ్బరితోటల మీదుగా పక్కకు తిరిగే షాట్‌లో ఆ జర్కులు ఇట్టే తెలిసిపోతాయి. డ్రోన్ షాట్‌కు సౌండు అక్కర్లేదు కాబట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి, మాడిఫై, ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో 25 అని ఇవ్వండి. వేగం 83 శాతానికి తగ్గుతుంది, కదలిక సాఫీ అవుతుంది. అప్పటికీ గోదావరి ఒడ్డు చెట్లు టకటకా కొట్టుకుంటున్నట్టు కనిపిస్తే, ఎండలో ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్ల అద్దం) లేకుండా 1/1000 లాంటి షట్టర్‌తో తీశారన్నమాట. దాన్ని ఎడిటింగ్ టేబుల్ మీద పూర్తిగా బాగుచేయలేం. ఈసారి షూట్‌లో షట్టర్ 1/50 దగ్గరికి వచ్చేలా ఫిల్టర్ పెట్టించండి.

చుట్టాల ఫోన్లలోంచి వచ్చే క్లిప్‌లది వేరే గొడవ. ఫోన్ ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉంటుంది. వీడియో మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి మార్చాకే టైమ్‌లైన్ మీదకు తేండి. లేకపోతే జర్క్‌తో పాటు పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంది.

ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్ బాగుండి టైమ్‌లైన్ మీదే ఆగుతుంటే, అప్పుడు కంప్యూటర్ సంగతి చూడాలి. ప్రీమియర్ ప్రోగ్రామ్ మానిటర్‌లో రెంచ్ గుర్తు నొక్కి డ్రాప్డ్ ఫ్రేమ్ ఇండికేటర్ ఆన్ చేయండి. ఫ్రేములు పోయాయంటే పచ్చ చుక్క పసుపవుతుంది. మీ సాఫ్ట్‌వేర్ ఎడియస్ అయితే బఫర్ అంకె (ముందుగా సిద్ధం చేసిపెట్టుకున్న ఫ్రేముల లెక్క) చూడండి, అది సున్నాకి జారగానే ప్లే ఆగుతుంది. ఇప్పుడు ప్రీమియర్‌లో ఎఫెక్టులన్నీ ఒక్కసారే ఆపే గ్లోబల్ ఎఫ్ఎక్స్ మ్యూట్ నొక్కి మళ్ళీ ప్లే చేయండి. సాఫీగా వెళ్తే బరువంతా ఎఫెక్టులదే. నాయిస్ తగ్గించేవి, వార్ప్ స్టెబిలైజర్ (ఊపు తగ్గించేది) లాంటివి ఉన్న ముక్కకు ఇన్, అవుట్ పెట్టి ఎంటర్ కొడితే రెండర్ అయి పైన ఎర్ర గీత పచ్చగా మారుతుంది. కలర్, నాయిస్ పని కటింగ్ అంతా అయ్యాక పెట్టుకోవడం మంచిది.

ఎఫెక్టులు ఆపినా ఆగుతుంటే కోడెక్ (వీడియోను కుదించి దాచే పద్ధతి) దగ్గర అనుమానపడాలి. పెళ్ళి పనిలో అసలు తలనొప్పి ఇదే. హెచ్.264, హెచ్.265 ఫైళ్ళలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. చాలా ఫ్రేముల్లో ముందు వెనకల ఫ్రేములతో ఉన్న తేడా మాత్రమే ఉంటుంది. మీరు కర్సర్ ఎక్కడ పెట్టినా, వెనక్కి వెళ్ళి పూర్తి బొమ్మ వెతుక్కుని అక్కణ్ణుంచి కట్టుకుంటూ రావాలి. చూడ్డానికి సరిపోయే ఫైల్ ఎడిటింగ్‌కు బరువయ్యేది అందుకే.

మీడియాఇన్ఫోలో క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు వివరం ఎంత దాచారన్న లెక్క) 4:2:0 ఉంటే చాలావరకు మామూలు గ్రాఫిక్స్ కార్డే ఆ కుదింపును విప్పేస్తుంది. రంగు వివరం ఎక్కువుండే 4:2:2, 10 బిట్ ఉంటే మాత్రం ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ దాకా ఎన్విడియా కార్డులు దాన్ని హార్డ్‌వేర్‌లో విప్పలేవు. భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో ఆ సౌకర్యం వచ్చింది. ఇంటెల్ 11వ తరం నుంచి క్విక్ సింక్ (ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌లో వీడియో విప్పే భాగం) హెచ్.265లో 4:2:2ని విప్పగలదు, హెచ్.264లో మాత్రం చాలా ప్రాసెసర్లలో కాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్సే ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. ఎఫ్ లేకపోయినా, గ్రాఫిక్స్ కార్డు పెట్టాక బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే సెట్టింగుల్లో) బిల్ట్‌ఇన్ గ్రాఫిక్స్ ఆఫ్ అయి ఉండొచ్చు, చూసి ఆన్ చేయండి. మండపం లైట్ల కింద మామూలు కలర్‌లో తంతంతా తీసే ట్రెడిషనల్ కెమెరాకు 4:2:2 అవసరం లేదు. 8 బిట్ 4:2:0 పెట్టించండి. 10 బిట్‌ను ప్రీవెడ్డింగ్‌కు ఉంచుకోండి.

ఫుటేజీ వచ్చేశాక మార్గం ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకలు. ప్రీమియర్ బిన్‌లో (క్లిప్‌లు ఉండే ఫోల్డర్‌లో) క్లిప్‌లన్నీ ఎంచుకుని రైట్ క్లిక్, ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్. సైజు సగం, ఫార్మాట్ క్విక్‌టైమ్, ప్రోరెస్ ప్రాక్సీ. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) 4కె ఫుటేజీ గంటకు 45 జీబీ పడుతుంది, ఈ ప్రాక్సీ 25 ఫ్రేములకు గంటకు 17 జీబీ దాకా తింటుంది. రాత్రి పెట్టి వెళ్తే పొద్దున్నకి తయారు. తర్వాత ప్రోగ్రామ్ మానిటర్ కింద ప్లస్ గుర్తు నొక్కి టాగుల్ ప్రాక్సీస్ బటన్ తెచ్చుకోండి, నీలంగా ఉంటే ప్రాక్సీ నడుస్తున్నట్టు. వేరే చోట చేసిన ప్రాక్సీలు అతకకపోతే ఆడియో ఛానెళ్ళ లెక్క సరిపోయిందో లేదో చూడండి. ఎక్స్‌పోర్ట్‌లో యూజ్ ప్రాక్సీస్ టిక్ పెట్టకపోతే అసలు ఫైళ్ళ నుంచే వస్తుంది. ఎడియస్‌లో కూడా ప్రాక్సీ మోడ్ ఉంది.

డిస్క్ సంగతి తేల్చడానికి విండోస్‌లోని టాస్క్ మేనేజర్ చాలు. ప్లే అవుతున్నప్పుడు డిస్క్ 100 శాతం దగ్గర కొట్టుకుంటూ ప్రాసెసర్ ఖాళీగా ఉంటే డిస్కే కారణం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 ఎంబీ, నాలుగు కెమెరాలు కలిపి నడిపే మల్టీకామ్‌కు 50 ఎంబీ. యూఎస్‌బీ 2 పోర్టు అంత ఇవ్వదు. తిరిగే హార్డ్ డిస్క్ ఒక్క ఫైల్‌కు ఇస్తుంది గానీ, నాలుగు ఫైళ్ళ మధ్య హెడ్ అటూ ఇటూ పరిగెత్తాల్సి వచ్చేసరికి తడబడుతుంది. ఎడిట్ నడుస్తున్న పెళ్ళి ఫైళ్ళనూ మీడియా కాష్‌నూ (సాఫ్ట్‌వేర్ రాసుకునే తాత్కాలిక ఫైళ్ళనూ) ఎస్ఎస్‌డీ మీద పెట్టి, పని అయ్యాక హార్డ్ డిస్క్‌కు పంపండి. కార్డు రీడర్‌లోంచి నేరుగా ఎడిట్ చేయకండి.

మొదటి అరగంట బాగా ఆడి తర్వాత స్ట్రక్ అయితే అది వేడి. వైశాఖం ముహూర్తాల పనిలో, ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్‌లకు ఇది మామూలే. టాస్క్ మేనేజర్ సీపీయూ పేజీలో స్పీడ్ అంకె బేస్ స్పీడ్ కన్నా కిందికి పడుతుంటే నిర్ధారణ అయినట్టే. ఫ్యాన్ దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ మార్పించి, వెనక భాగం గాలాడేలా ఎత్తు పెట్టండి. కరెంటు పోయిన దగ్గర్నుంచే మొదలైతే ఏమీ విప్పక్కర్లేదు: బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఛార్జర్‌ను ఇన్వర్టర్ లైనులో పెట్టి, పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చి మళ్ళీ ప్లే చేయండి.