పొలంలో లోరా సెన్సర్: నిద్రలో బ్యాటరీ తాగని సర్క్యూట్

నేల తేమ కొలిచి, లోరా (తక్కువ కరెంటుతో దూరానికి పంపే రేడియో పద్ధతి) ద్వారా 15 నిమిషాలకోసారి పంపే నోడ్ (సెన్సర్, చిప్, రేడియో కలిసిన పరికరం), రోజు మొత్తం మీద రెండు నిమిషాలు కూడా మేలుకోదు. మిగతాదంతా నిద్రే. అందుకే ముందు నిద్రలో పారే కరెంటు లెక్క తేల్చుకుని, తర్వాతే రేడియో సంగతి చూడాలి.

రెడీమేడ్ ఆర్డ్యుయినో బోర్డు వాడకండి, విడి ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ చిప్ తీసుకోండి. క్రిస్టల్ అక్కర్లేదు, లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ చాలు. నిద్ర నుంచి లేవడమూ త్వరగా అవుతుంది. రేడియోకి ఆర్‌ఎఫ్‌ఎమ్95, మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్. పవర్‌కి మూడు డబుల్ ఏ ఆల్కలైన్ సెల్స్, ఎంసీపీ1700 రెగ్యులేటర్ (3.3 వోల్టులు), దానికి రెండు వైపులా 1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు. కాయిన్ సెల్ పనికిరాదు. రేడియో పంపేటప్పుడు 87 మిల్లీయాంపులు లాగితే దాని వోల్టేజి కుప్పకూలి చిప్ రీసెట్ అవుతుంది.

రెగ్యులేటర్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. బజార్లో ఎక్కడ చూసినా దొరికే ఏఎంఎస్1117 ఏ పనీ లేకుండానే దాదాపు 5 మిల్లీయాంపులు తింటుంది: 2500 మిల్లీయాంప్-అవర్ల సెల్స్ మూడు వారాలకే ఖాళీ. ఎంసీపీ1700కి 1.6 మైక్రోయాంపులు చాలు. బ్యాటరీ వోల్టేజి కొలిచే డివైడర్‌కి (వోల్టేజిని సగం చేసే రెండు రెసిస్టర్ల జత) 10 కిలోఓమ్‌లవి వేస్తే 225 మైక్రోయాంపులు ఊరికే పోతాయి. 1 మెగాఓమ్‌వి రెండు వేసి, చిప్‌లో వోల్టేజిని అంకెగా మార్చే ఏడీసీ పిన్ దగ్గర 100 నానోఫారడ్ పెట్టండి.

సెన్సర్ 5 మిల్లీయాంపులే తీసుకుంటుంది కాబట్టి దాని పవర్‌ను చిప్ పిన్ నుంచే ఇచ్చి, కొలత అయ్యాక ఆపేయండి.

పడుకునే ముందు రేడియోని స్లీప్‌లో పెట్టాలి, ఏడీసీ ఆపాలి, వోల్టేజి పడిపోతే చిప్‌ని రీసెట్ చేసే బ్రౌన్‌అవుట్ డిటెక్టర్‌నీ ఆపాలి. చిప్ లోపలి వాచ్‌డాగ్ టైమర్‌తో 8 సెకన్లకోసారి లేపి, 112 సార్లయ్యాక పని చేయించండి. అప్పుడు నిద్రలో సుమారు 8 మైక్రోయాంపులు, పంపడం, కొలవడం కలిపి సగటున 24. ఏడాదికి 210 మిల్లీయాంప్-అవర్లు. ఈ లెక్క 20 బైట్లు, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7కి (ఈ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ దూరం వెళ్తుంది, కానీ నెమ్మదిగా). అదే 12కి మార్చితే 57 మిల్లీసెకన్ల ప్రసారం 1.3 సెకన్లకు సాగుతుంది, సగటు 140 దాటుతుంది. సిగ్నల్ అందుకునే గేట్‌వేకి అందినంత వరకు 7 దాటకండి.

కొలిచేటప్పుడు మల్టీమీటర్‌ని మైక్రోయాంప్ రేంజిలో పెడితే నోడ్ బూట్ కాదు, మీటర్ లోపలి నిరోధం అడ్డుపడుతుంది. మీటర్ కొసల మధ్య తీగతో షార్ట్ చేసి ఆన్ చేయండి; నోడ్ పడుకున్నాక తీగ తీయండి, మళ్లీ లేచేలోపే చూసుకోండి. ప్రోగ్రాం ఎక్కించే సీరియల్ అడాప్టర్ ఊడదీయాల్సిందే, దాని తీగ గుండా కూడా కరెంటు దొంగదారిన లోపలికి వస్తుంది.

1.6 మిల్లీయాంపులు కనిపిస్తే రేడియో స్టాండ్‌బైలో ఉండిపోయింది. వంద మైక్రోయాంపుల పైచిలుకైతే ఏడీసీని అనుమానించండి, 20 దాకా ఎక్కువైతే బ్రౌన్‌అవుట్‌ని. అంకె నిలకడగా ఉండక తేమ రోజుల్లో పెరుగుతుంటే అది టంకం వేసినప్పుడు మిగిలిన ఫ్లక్స్ మురికి: ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి, పూర్తిగా ఆరాక మళ్లీ కొలవండి.