ఆటోమేటిక్ రిపోర్టులో అంకెలు తేడాగా ఉంటే ఎక్కడ వెతకాలి?

రోజువారీ అమ్మకాల రిపోర్టునో, నెలాఖరు బకాయిల పట్టికనో ఎక్సెల్‌లో డేటాను తెచ్చి సర్దే పవర్ క్వెరీకో, పైథాన్ భాషలో రాసిన స్క్రిప్టుకో అప్పగించాక కొన్నాళ్ళు హాయిగా గడుస్తాయి. తర్వాత ఒకరోజు మేనేజర్ ఫోన్ చేసి "ఈ టోటల్ ఇంత వచ్చిందేంటి?" అంటారు. టెన్షన్ అక్కడ మొదలు.

ఎర్రర్ చూపించి ఆగిపోయే రిపోర్టుతో పెద్ద బాధ లేదు, ఏం చెడిందో కొంతవరకు అదే చెబుతుంది. ఏ ఎర్రరూ లేకుండా తప్పు అంకెలతో అందరి మెయిల్‌కీ చేరిపోయేదే ప్రమాదం. కాబట్టి ఆగిపోయే రకాన్ని ముందు ముగించేసి, అసలు తలనొప్పికి వెళ్దాం.

నేను నడిపితే నడుస్తుంది, షెడ్యూల్ పెడితే నడవదు

చాలాసార్లు స్క్రిప్టులో తప్పేమీ ఉండదు, అది నడిచే చోటు మారుతుంది. చెప్పిన వేళకు ప్రోగ్రాములను నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్, స్క్రిప్టును మీ ఫోల్డర్‌లో నుంచి మొదలుపెట్టదు. ఫైలు పేరు మాత్రమే రాసి ఉంటే దాన్ని వేరే చోట వెతికి, లేదంటుంది. స్క్రిప్టులో పూర్తి పాత్ (ఫైలు ఉన్న చోటి చిరునామా) రాయండి, లేదా టాస్క్‌లో 'స్టార్ట్ ఇన్' గడిలో ఫోల్డర్ ఇవ్వండి. ఆ గడిలో కొటేషన్ గుర్తులు పెట్టకూడదు, పెడితే టాస్క్ మొదలే కాదు.

ఫైలు నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంటే ఇంకో చిక్కు. మీరు లాగిన్ అయినప్పుడు కనిపించే 'జెడ్' డ్రైవ్ లాంటివి, మీరు లేనప్పుడు నడిచే టాస్క్‌కు కనిపించవు. డ్రైవ్ అక్షరం బదులు, రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి సర్వర్ పేరుతో మొదలయ్యే పాత్ వాడండి. నిన్నటిదాకా నడిచి ఈరోజు ఆగిందంటే, ముందు మీ పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారో గుర్తుచేసుకోండి. టాస్క్‌లో పాతదే ఉంటుంది.

ఎక్సెల్‌నే తెరిచి మాక్రో (ఎక్సెల్ లోపలి చిన్న ప్రోగ్రాము) నడిపించే పద్ధతి మాత్రం మనిషి ఎదురుగా లేనప్పుడు నమ్మదగ్గది కాదు. ఒక చిన్న డైలాగ్ బాక్స్ తెరుచుకుంటే చాలు, ఓకే నొక్కేవాళ్ళు లేక రాత్రంతా అలాగే కూర్చుంటుంది. సర్వర్ మీద అలా నడపడాన్ని మైక్రోసాఫ్టే సిఫారసు చేయదు.

కాలమ్ దొరకలేదంటోంది

డేటా పంపేవాళ్ళు కాలమ్ పేరు మార్చారు, లేదా పేరు చివర ఒక స్పేస్ చేరింది. పవర్ క్వెరీ తనంతట తాను చేర్చే 'ఛేంజ్‌డ్ టైప్' స్టెప్పులో కాలమ్ పేర్లన్నీ రాసి ఉంటాయి, ఒక్కటి మారినా అక్కడే ఆగుతుంది. ఆ స్టెప్పు తీసేసి, మీకు కావలసిన కాలమ్‌లకు మాత్రమే చివర్లో టైపు ఇవ్వండి.

రిపోర్టు వచ్చింది, అంకెలు నిన్నటివే

ఇక్కడి నుంచి నిశ్శబ్దంగా జరిగే తప్పులు. మాక్రో 'రిఫ్రెష్ ఆల్' చేసి, వెంటనే సేవ్ చేసి, మెయిల్ పంపేస్తుంది. రిఫ్రెష్ మాత్రం వెనకాల ఇంకా నడుస్తూనే ఉంటుంది. క్వెరీ ప్రాపర్టీస్‌లో 'ఎనేబుల్ బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్' టిక్ తీసేస్తే, రిఫ్రెష్ పూర్తయ్యాకే తర్వాతి పని మొదలవుతుంది. అప్పటికీ పాత అంకెలే వస్తే మూలం ఫైలే ఆలస్యంగా వస్తోందేమో చూడండి. డేటాలోని చివరి తేదీని రిపోర్టు పైభాగంలో చూపించండి. రిపోర్టు తయారైన సమయం వేస్తే లాభం లేదు, అది ఎప్పుడూ తాజాగానే కనిపిస్తుంది.

టోటల్ ఉన్నట్టుండి పెరిగింది

నా అనుభవంలో ఇలాంటప్పుడు పది సార్లలో ఎనిమిది సార్లు తప్పు జాయిన్‌లోనే, అంటే రెండు పట్టికలను ఒక కోడ్ ఆధారంగా కలిపే చోటే, దొరికింది. 200 ఆర్డర్లున్నాయి. వాటికి కస్టమర్ పేర్లు చేర్చడానికి కస్టమర్ల పట్టికతో కలిపారు. ఎవరో ఒక కస్టమర్‌ను ఆ పట్టికలో రెండోసారి ఎక్కించారు. ఆ కస్టమర్‌కు 6 ఆర్డర్లుంటే అవి 12 అవుతాయి, మొత్తం 206 వరసలు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఇది తప్పు కాదు, చెప్పినట్టే చేసింది.

దీనికి చాలామంది కలిపాక డూప్లికేట్లు తీసేస్తారు. అది చేయకండి. ఒకే వస్తువును ఒకే రోజు నిజంగానే రెండుసార్లు కొన్నవాళ్ళ వరసలు కూడా దాంతో ఎగిరిపోతాయి. కలపడానికి ముందే కస్టమర్ల పట్టికలో ఒక కోడ్‌కు ఒకే వరస ఉండేలా చూడాలి. పైథాన్‌లో పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీ వాడేవాళ్ళు, పట్టికలను కలిపే 'మెర్జ్'లో 'వాలిడేట్' ఆప్షన్‌కు 'మెనీ టు వన్' ఇస్తే, డూప్లికేట్ ఉన్న రోజు స్క్రిప్టు ఎర్రర్‌తో ఆగుతుంది. మనకు కావలసింది అదే.

టోటల్ తగ్గినా అనుమానం జాయిన్ మీదే ఉండాలి. పాండాస్ మెర్జ్ ఏమీ చెప్పకపోతే ఇన్నర్ జాయిన్ చేస్తుంది, అంటే రెండు పట్టికల్లోనూ జత దొరికిన వరసలనే ఉంచుతుంది. పట్టికలో లేని కొత్త కస్టమర్ ఆర్డర్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. మొదటి పట్టిక వరసలన్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్ వాడి, జత దొరకని వరసలను విడిగా చూపించండి. పవర్ క్వెరీకి పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడా ఉందని కూడా గుర్తుంచుకోండి. ఎక్సెల్ వీలుకప్ ఫార్ములాలో కలిసిన కోడ్‌లు ఇక్కడ కలవకపోవచ్చు.

వరసలే సగంలో తెగిపోయాయి

ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరసలే పడతాయి, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో అయితే 65,536. ఇంగ్లండ్‌లో 2020 శరదృతువులో 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాకపోవడానికి ఆ పాత ఫార్మాట్ పరిమితే కారణమైంది. మీ వరసల సంఖ్య సరిగ్గా ఈ అంకెల దగ్గర ఆగితే ఇంకెక్కడా వెతకక్కర్లేదు. డేటాను షీట్‌లోకి దించకుండా, పవర్ క్వెరీ నుంచి నేరుగా ఎక్సెల్ ఫైలులోనే షీట్‌కు విడిగా ఉండే డేటా మోడల్‌లోకి పంపండి.

ఏప్రిల్ అమ్మకాలు వేరే నెలల్లో కనిపిస్తున్నాయి

03/04 అంటే ఏప్రిల్ 3 అని పంపినవాళ్ళు రాస్తే, కంప్యూటర్ మార్చి 4 అని చదివింది. గుర్తుపట్టడం సులువే. 1 నుంచి 12 వరకు తేదీలు నెలలన్నింటికీ చెదిరిపోతాయి (ఏప్రిల్ 4 ఒక్కటే సరిగ్గా ఉంటుంది), 13 నుంచి పైవి ఎర్రర్‌గానో టెక్స్ట్‌గానో మిగులుతాయి. పవర్ క్వెరీలో టైపు మార్చేటప్పుడు 'యూజింగ్ లొకేల్' (తేదీని ఏ దేశపు పద్ధతిలో చదవాలో చెప్పేది) ఎంచుకోండి. పాండాస్‌లో ఫార్మాట్‌ను స్పష్టంగా రాయండి, ఊహించుకోనివ్వకండి. తేదీ బదులు 45292 లాంటి అంకె కనిపిస్తే కంగారు పడకండి. అది ఎక్సెల్ లోపల తేదీని దాచుకునే పద్ధతి, 2024 జనవరి 1 అన్నమాట.

కోడ్‌ల ముందు సున్నాలు పోవడం, 16 అంకెల నంబరులో చివరి అంకె సున్నా అయిపోవడం కూడా ఇదే కుటుంబం. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది. లెక్కలు చేయని నంబర్లన్నింటినీ మొదటి నుంచే టెక్స్ట్‌గా చదివించండి. ఒకసారి పోయిన అంకె తర్వాత టెక్స్ట్‌గా మార్చినా తిరిగిరాదు. ఇక సీఎస్‌వీలో (కామాలతో వేరుచేసిన టెక్స్ట్ ఫైలులో) తెలుగు పేర్లు గజిబిజిగా కనిపిస్తుంటే, పైథాన్ నుంచి సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే చాలు.

సరిచేశాక

మెయిల్ పంపే స్టెప్పుకు ముందు మూడు తనిఖీలు పెట్టండి: జాయిన్‌కు ముందూ తర్వాతా వరసల సంఖ్య ఒకటేనా, మూలం ఫైల్ టోటల్‌తో రిపోర్టు టోటల్ కలుస్తోందా, చివరి తేదీ నిన్నటిదేనా. సెలవు రోజుల తర్వాత మూడోదాన్ని కొంచెం సడలించాల్సి వస్తుంది. ఒక్కటి తప్పినా రిపోర్టు ఆగిపోయి, మెయిల్ మీ ఒక్కరికే రావాలి.