స్టెప్ కౌంటర్ కొంటున్నారా? 100 అడుగులు వేసి చూడండి

నడక లెక్కకే అయితే స్మార్ట్‌వాచ్ దండగ, చిన్న పెడోమీటర్ చాలు. లోపల స్ప్రింగు మీద మీట ఊగే పాతరకం మాత్రం వద్దు. అది నిటారుగా ఉంటేనే సరిగ్గా లెక్కపెడుతుంది. పొట్ట ముందుకొచ్చి, నడుముకు తగిలించిన పరికరం వాలిందా, అడుగులు ఎగరగొడుతుంది. మూడు అక్షాల సెన్సర్ (ముందువెనకలు, పక్కలు, పైకిందులు – అన్ని కదలికలనూ పసిగట్టేది) ఉన్నదైతే జేబులో ఎలా పడేసినా పనిచేస్తుంది.

చేతి బ్యాండుది ఇంకో తంటా: రెండు చేతులా కూరగాయల సంచులు మోస్తే అడుగులు తగ్గుతాయి, గతుకుల రోడ్డు మీద బండి నడిపితే పెరుగుతాయి.

కొన్నరోజే సున్నా చేసి, నోటితో లెక్కపెడుతూ మామూలు వేగంతో 100 అడుగులు వేయండి. 95–105 మధ్య చూపిస్తే ఉంచుకోండి. మొదట్లో కాసిని అడుగులకు అంకె కదలకపోతే కంగారొద్దు. ఉత్తుత్తి కుదుపులను వడకట్టడానికే చాలావాటిలో ఆ ఆలస్యం. దూరం కూడా కావాలంటే 20 అడుగులు నడిచి, టేపుతో కొలిచి, 20తో భాగించి అంగ పొడవు ఎక్కించండి.