హైవే మీద నగరం దాటాలంటే వణుకు పుట్టేవాళ్ళకి

మా అక్క ఇంటికి 300 కిలోమీటర్లు. అందులో నన్ను ఏడిపించేది, మధ్యలో పెద్ద నగరం లోపలినుంచి పోయే 22 కిలోమీటర్లే. మిగతా దారంతా పాటలు వింటూ హాయిగా నడుపుతాను. దూరంగా ఎత్తైన బిల్డింగులు కనబడగానే అరచేతులు తడిసిపోతాయి, నోరు ఎండిపోతుంది. అప్పటిదాకా ఉన్న రెండు లేన్లు కాస్తా ఐదవుతాయి. పక్కలనుంచి కార్లు వచ్చి కలుస్తుంటాయి. తల మీద బోర్డులు, బోర్డుల నిండా బాణాలు. ఆ 22 కిలోమీటర్లు తప్పించుకోడానికి ఏడేళ్ళపాటు పల్లెదారుల్లో గంటన్నర అదనంగా తిరిగాను. ఇంట్లోవాళ్ళతో మాత్రం “ఆ దారి ప్రశాంతంగా ఉంటుంది” అనేదాన్ని.

ఇప్పుడు నెలకోసారి నగరం మధ్యనుంచే వెళ్తున్నాను. భయం పోయిందా అంటే, లేదు. పక్కసీట్లో కూర్చునే ఉంటుంది. దానికి చెయ్యడానికి పనేమీ లేకుండా చూసుకుంటున్నానంతే.

ఊరి బయట 100లో వెళ్తున్నప్పుడు లేని భయం సిటీలో 70కి తగ్గాక ఎందుకొస్తుందో చాలాకాలం అర్థం కాలేదు. వేగం వల్ల కాదు, నిర్ణయాల వల్ల. ఏ లేన్లో ఉండాలి, ఏ ఎగ్జిట్ పట్టుకోవాలి, పక్కనుంచి వచ్చేవాడిని రానివ్వాలా, ఆ లారీని దాటాలా... ఇవన్నీ ఒక్క నిమిషంలో మీద పడతాయి. కాబట్టి వాటిలో ఎన్నింటిని ముందురోజే తేల్చేసుకుంటే అంత నయం.

మొట్టమొదట తేల్చాల్సింది, అసలు నగరం మధ్యకి వెళ్ళాలా అని. చుట్టూ రింగ్ రోడ్డు ఉంటే, అది పది పదిహేను కిలోమీటర్లు ఎక్కువైనా సరే, మొహమాటపడకుండా దాన్నే పట్టుకోండి. కాకపోతే రింగ్ రోడ్ల మీద లారీలు ఎక్కువ. అదీ చూసుకోండి.

మధ్యనుంచే వెళ్ళాలి అనుకుంటే, రాత్రి భోజనమయ్యాక మ్యాప్ తెరవండి. ఫోన్లో కాదు, పెద్ద స్క్రీన్ మీద. నగరం మొదలయ్యే చోటునుంచి అయిపోయే చోటుదాకా వేలితో దారి వెంట నడవండి. రోడ్డు రెండుగా చీలే చోట్లు ఎన్ని? నా దారిలో మూడే. చూసేదాకా ముప్పై ఉంటాయనుకున్నాను. ఆ మూడు చోట్లా వీధి ఫొటోలు తెరిచి, పైన బోర్డు మీద ఏం రాసుందో చదివాను. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. మనం వెళ్ళే ఊరి పేరు ఆ బోర్డు మీద ఉండకపోవచ్చు. అదే దారిలో ఇంకా ఎంతో దూరాన ఉన్న పెద్ద ఊరి పేరు ఉంటుంది. మా అక్క ఊరి పేరు ఒక్క బోర్డు మీదా లేదు, దానికి 200 కిలోమీటర్ల అవతలి పట్నం పేరుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇది తెలియకే గుండె గొంతులోకొచ్చింది. చిన్న అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో మూడు లైన్లు రాసుకోండి: బోర్డు మీద ఉండే పేరు, ఎగ్జిట్ నంబరుంటే అది, ఏ వైపు లేన్లలో ఉండాలి. నడుపుతూ ఆ అట్ట చదవమని కాదు. రాసినప్పుడే సగం బుర్రలోకెక్కుతుంది.

ఫోన్లో దారి చెప్పే గొంతు ఉంది కదా అంటారేమో. ఉంది, మంచిదే. కానీ సొరంగంలోకి వెళ్తే ఉపగ్రహాల సిగ్నల్ అందదు. ఒకదానిమీద ఒకటి ఫ్లైఓవర్లున్న చోట మనం పైనున్నామో కిందున్నామో దానికి తెలియదు. సరిగ్గా మనకి టెన్షన్ వచ్చే చోట్లే దానికీ టెన్షన్! ఫోన్ స్టాండులో పెట్టి, గొంతు పెంచి, ఆ భాగం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బండి కదిలాక దాన్ని ముట్టుకోవద్దు.

వేళ కూడా మీ చేతిలోనే ఉంది. పనిరోజుల్లో ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళలు మానేస్తే సగం భారం దిగుతుంది. మొదటిసారికి సెలవురోజు ఉదయం బాగుంటుంది. ఒక్కటి చూసుకోండి: పొద్దున్నే తూర్పుకి, సాయంత్రం పడమటికి వెళ్తే సూర్యుడు నేరుగా కళ్ళల్లో కొడతాడు, బోర్డులు నల్లటి పలకల్లా కనిపిస్తాయి. కారు ముందు అద్దం లోపలివైపు కూడా తుడుచుకోండి. ఎండ పడితే అక్కడి మసకే ముందు కనబడుతుంది.

నగరం ఇంకా 30 కిలోమీటర్లు ఉందనగా తప్పకుండా ఆగుతాను. బాత్రూమ్, నీళ్ళు, అవసరమైతే ఇంధనం. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. గంటలకొద్దీ 100లో వెళ్ళాక కళ్ళు ఆ వేగానికి అలవాటుపడిపోతాయి. 70కి తగ్గినా నడిచి వెళ్తున్నట్టుంటుంది, తెలియకుండానే కాలు బరువెక్కుతుంది. పది నిమిషాలు దిగి నిలబడితే ఆ మత్తు వదులుతుంది.

అక్కడే అద్దాలు సరిచేసుకుంటాను. చాలామంది పక్క అద్దాల్లో తమ కారు పక్కభాగమే సగం కనబడేలా పెట్టుకుంటారు. మన కారు మనకెందుకు? తలని డ్రైవర్ వైపు కిటికీకి ఆనించి, అప్పుడు మాత్రమే కారు అంచు కనబడేలా ఆ వైపు అద్దాన్ని బయటికి తిప్పండి. తర్వాత తలని కారు మధ్యకి వంచి రెండో అద్దాన్ని కూడా అలాగే. మామూలుగా కూర్చుంటే కారు కనబడదు, పక్క లేన్ కనబడుతుంది. మొదట రెండురోజులు వింతగా ఉంటుంది. బ్లైండ్ స్పాట్, అంటే ఏ అద్దంలోనూ కనబడని చోటు, బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, అందుకే లేన్ మారేముందు ఒక్కసారి తల తిప్పి భుజం మీదుగా చూడటం మానకూడదు.

ఇక లోపలికి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: నగరంలోకి వెళ్ళకముందే మధ్య లేన్లోకి చేరి, అక్కడే ఉండిపోవాలి. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళ వైపు చివరి లేన్ మనలాంటివాళ్ళకి భద్రంగా అనిపిస్తుంది. నిజానికి అదే అన్నిటికంటే పని ఎక్కువున్న లేన్. ర్యాంపులనుంచి వచ్చేవాళ్ళు అందులోకే కలుస్తారు, దిగేవాళ్ళు అందులోనుంచే దిగుతారు. పైగా కొన్నిచోట్ల ఆ లేన్ ఉన్నట్టుండి ఎగ్జిట్‌గా మారిపోయి మిమ్మల్ని కూడా దించేస్తుంది. రెండో చివర వేగంగా వెళ్ళేవాళ్ళు వెనకనుంచి లైట్లు కొడతారు. మూడు లేన్లుంటే మధ్యది, నాలుగైదుంటే నెమ్మది వైపునుంచి రెండోదో మూడోదో. పక్కవాడు ముందుకెళ్ళిపోతున్నాడని మారకండి. 20 కిలోమీటర్ల దూరాన్ని 80లో వెళ్తే 15 నిమిషాలు, 100లో వెళ్తే 12. ఆ మూడు నిమిషాల కోసం ఎన్నిసార్లు లేన్ మారాలో ఆలోచించండి.

లేన్ తర్వాత ఖాళీ. ముందు కారు ఏదైనా స్తంభాన్ని దాటగానే “నూట ఒకటి, నూట రెండు, నూట మూడు” అని తీరిగ్గా లెక్కపెట్టండి. లెక్క పూర్తికాకముందే మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే, మరీ దగ్గరగా ఉన్నట్టు. 80లో వెళ్తుంటే బండి సెకనుకి 22 మీటర్లు కదులుతుంది. మూడు సెకన్లంటే 66 మీటర్లు. వానలో ఇంకా పెంచాలి. “అంత ఖాళీ వదిలితే ఎవరో ఒకరు దూరుతూనే ఉంటారు” అని మా ఆయన గొడవ. దూరుతారు. దూరనివ్వండి. కాస్త యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ ఖాళీ చేసుకోవడమే. ఆ 22 కిలోమీటర్లలో ఒకసారి లెక్కపెట్టాను, నా ముందుకి తొమ్మిదిమంది దూరారు. అక్క ఇంటికి వెళ్ళేసరికి టీ ఏం చల్లారిపోలేదు.

ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో కూడా ఈ ఖాళీయే కాపాడుతుంది. 2008లో జపాన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. 230 మీటర్ల గుండ్రటి బాట మీద 22 కార్లని ఒకే వేగంతో తిరగమన్నారు. సిగ్నల్ లేదు, ప్రమాదం లేదు, రోడ్డు ఇరుకవలేదు. అయినా కాసేపటికి జామ్ దానంతటదే పుట్టింది. ఒకరు కాస్త తగ్గితే వెనకవారు ఇంకాస్త ఎక్కువ తగ్గారు, అలా పెరుగుతూ ఎవరో పూర్తిగా ఆగిపోయారు. ఇది చదివాక, ముందు ఏం ఘోరం జరిగిందో అని మెడ సాచి చూడటం మానేశాను. ఖాళీ ఉంచుకుంటే ముందువాడు బ్రేక్ వేసినప్పుడల్లా మనం వెయ్యక్కర్లేదు. దొర్లుతూ పోవచ్చు.

ర్యాంప్ మీదనుంచి హైవేలోకి కలవాల్సి వస్తే, మన భయం మనచేత చేయించే తప్పొకటుంది: చివరికి వెళ్ళి ఆగిపోవడం. నేనూ ఆగాను. వెనక ఆరు కార్లు, ఆరు హారన్లు. సున్నానుంచి మొదలుపెట్టి 80లో వచ్చేవాళ్ళ మధ్యలోకి వెళ్ళడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ర్యాంప్ పక్కనుండే ఆ పొడవాటి లేన్ వేగం పెంచుకోడానికే ఉంది. వాళ్ళ వేగానికి చేరి, ఇండికేటర్ వేసి, అద్దం చూసి, భుజం మీదుగా చూసి, ఏ రెండు కార్ల మధ్య దూరాలో ఎంచుకోండి. లేన్ మారేటప్పుడు కూడా అంతే, బ్రేక్ మీదకి కాలు పోనివ్వకండి.

చూపు ఎక్కడుంటే బండి అటే పోతుంది. వంపు తిరిగే ఫ్లైఓవర్ మీద పక్కగోడని చూస్తే గోడ దగ్గరికొస్తున్నట్టే ఉంటుంది. వంపు అవతలి కొసని చూడండి, చేతులు వాటంతటవే సర్దుకుంటాయి. లారీ పక్కన జంటగా పోవద్దు. దాని అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడకపోతే, మీరూ అతనికి కనబడటం లేదు. దాటితే గబగబా దాటెయ్యండి, లేకపోతే వెనకే ఉండిపోండి. వెనకనుంచి ఎవరైనా బంపర్‌కి అంటుకుని వస్తుంటే వేగం పెంచకండి. మీ ముందు ఖాళీ ఇంకాస్త పెంచండి, ఇద్దరికోసం మీరే నెమ్మదిగా బ్రేక్ వెయ్యొచ్చు.

ఎగ్జిట్ తప్పిపోతే? పోనివ్వండి. మూడు లేన్లు అడ్డంగా కోసుకుంటూ వెళ్ళడం, చీలిక దగ్గర గీతల మీద ఆగి ఆలోచించడం, వెనక్కి రావడం, ఈ మూడూ ప్రాణాల మీదకి తెచ్చేవే. నేను మొదటిసారి ఎగ్జిట్ తప్పి ముందుకెళ్ళినప్పుడు ఏడుపొచ్చింది. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి తిరిగొచ్చి చూసుకుంటే 11 నిమిషాలు. ఏడేళ్ళు నేను భయపడింది ఈ 11 నిమిషాలకా అని నవ్వొచ్చింది.

అన్నీ చేసినా గుండె దడ రావచ్చు. వేళ్ళు తిమ్మిరెక్కి, ఊపిరాడనట్టుంటుంది. ఊపిరి మరీ వేగంగా తీసుకోవడం వల్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వచ్చే తిమ్మిరి అది. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. స్టీరింగ్ మీద పట్టు సడలించండి, గడియారంలో 9, 3 దగ్గర చేతులు ఆనించి ఉంచితే చాలు. నేనైతే పైకే మాట్లాడతాను: “ముందు తెల్ల వ్యాను, పక్కన ఎర్ర కారు, బోర్డొచ్చింది, నేను తిన్నగా పోవాలి.” తగ్గకపోతే తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, బండి పక్కకి పెట్టి కూర్చోండి. హైవే అంచున ఆగడం మాత్రం బండి చెడిపోయినప్పుడో, ఒక్క మీటరు కూడా నడపలేనప్పుడో చేసే పని. టెన్షన్ తగ్గడానికి మాత్ర వేసుకుని స్టీరింగ్ పట్టుకోవద్దు, వాటిలో చాలావరకు నిద్రమత్తు తెస్తాయి. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే డాక్టర్‌తో మాట్లాడండి, దీనికి మంచి చికిత్స ఉంది.

పక్కన ఎవరుండాలన్నదీ ముఖ్యమే. మా ఆయన మంచి డ్రైవర్, చెడ్డ ప్రయాణికుడు. ఆయన కాలు పక్కసీటు కింద లేని బ్రేక్‌ని తొక్కుతూనే ఉంటుంది. అందుకే నేర్చుకునే రోజుల్లో మా అమ్మాయిని తీసుకెళ్ళాను. దాని పని ఒక్కటే: బోర్డులు చదివి పైకి చెప్పడం. మొదటి ఆదివారం ఒక ఎగ్జిట్‌లో ఎక్కి తర్వాతి దాంట్లో దిగిపోయాం. రెండో వారం రెండు ఎగ్జిట్లు. ఒకే ముక్క రోడ్డు నాలుగైదుసార్లు తిరిగాక ఏ గుంత ఎక్కడుందో కూడా తెలిసిపోయింది. ఆరో వారం నగరం ఇటునుంచి అటు దాటాను.

తిరుగు ప్రయాణానికి ఇంకో అట్ట రాసుకోండి. అదే దారి కదా అని నేను రాసుకోలేదు. అటువైపు చీలికలు మూడు కాదు, నాలుగున్నాయి.